దీపం వెలిగింది.. అచ్చు లేవలేదు!

* ఇటుకల యంత్రం మొరాయిస్తే 'మెదడు' మార్చమన్నారు
* తప్పు చేసింది పాతిక అడుగుల అవతల ఒక తీగ
* పళ్ళిపట్టు పక్కన ఓ ఎలక్ట్రీషియన్‌తో ఒక పూట

పళ్ళిపట్టు: పొద్దున ఏడున్నరకు ఫోను. "నైనా, మిషన్ల గురించి రాస్తానంటివే. ఈరోజు ఒకటి నిలబడిపోయింది, వస్తావా?" అని. నగరి వైపు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉందా బూడిద ఇటుకల యార్డు. వెళ్ళేసరికి పదిమంది దాకా కూలీలు వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. సగం మంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు. అక్కడ ఇటుకల లెక్కన కూలి. యంత్రం ఆగితే లెక్క కూడా ఆగుతుంది. మిక్సరులో అప్పటికే కలిపేసిన బూడిద, క్రషరు పొడి, సిమెంటు గట్టిపడే లోపల బయటికి తీయాలని ఇద్దరు పారలు పట్టుకుని కుస్తీ పడుతున్నారు. ఓనరు ఫోను చెవి నుంచి దించడం లేదు.

జబ్బు చూడ్డానికి చిన్నదే. ప్రెస్సు దిగుతోంది, నొక్కుతోంది, మళ్ళీ పైకి పోతోంది. ఇటుకల చుట్టూ ఉన్న అచ్చు మాత్రం లేవడం లేదు. అచ్చు లేస్తే గదా కింద పలక మీద ఇటుకలు మిగిలేది! ప్యానెల్ తలుపు తెరిచి చూస్తే, అచ్చును లేపే అవుట్‌పుట్ దగ్గర ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది. అంటే పీఎల్‌సీ తన పని తాను చేస్తున్నట్టే. మరి వాల్వు ఎందుకు కదలదు?

ఫోనులో సలహా ఇస్తున్న సర్వీసు మనిషి ముందు కాయిల్ మార్చమన్నారు. మార్చారు. ఉలకలేదు, పలకలేదు. "అయితే లోపల రిలే కాలిపోయుంటుంది, పీఎల్‌సీయే మార్చాల" అని తేల్చేశారు. కొత్తది తెప్పించాలి, ప్రోగ్రాం ఎక్కించే మనిషి చెన్నై నుంచి రావాలి. తక్కువలో తక్కువ రెండు రోజులు. ఖర్చు ఐదంకెలు దాటుతుంది. ఓనరు మొహం చూస్తే ఆ అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి.

అప్పటికి మా వాడు వచ్చాడు. మా వాడంటే, నాకు ఫోను చేసిన ఎలక్ట్రీషియన్ అన్న. వయసు యాభై దాటింది. ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, మొదట్లో మరమగ్గాల మోటార్లు రిపేరు చేసి, ఆ తరవాత ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి నేర్చుకున్నవాడు. పేరు రాయొద్దన్నాడు. "రాస్తే రేపటినుంచి ఫోన్లు ఆగవు, నా భార్య ఒప్పుకోదు" అని నవ్వేశాడు. సంచీలోంచి తీసిన సామాను చూసి నాకు కాస్త నిరాశే కలిగింది. ఒక మీటరు, రెండు స్క్రూడ్రైవర్లు, రెండు పొడుగాటి వైర్లు కట్టిన లారీ బల్బు ఒకటి. అంతే.

నీరుగంటికి చీటీ అందింది.. నీళ్ళు పారాయా?

పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ వాళ్ళకు కొత్త కాదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలి, ఏ వాల్వు ఎంతసేపు తెరుచుకోవాలి అని ముందే రాసిపెట్టిన వరుస ప్రకారం ఆజ్ఞలు ఇచ్చే పెట్టె అది. ఒకప్పుడు ఈ పని గోడంత బీరువాల్లో వందల రిలేలు చేసేవి. కారు మోడల్ మారినప్పుడల్లా ఆ రిలేల వైర్లన్నీ పీకి మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ గేరుబాక్సుల విభాగం ఇంకేదైనా దారి చూపమని అడిగింది. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన యంత్రం 1969లో వచ్చింది. ఆ సంస్థకు అది 84వ ప్రాజెక్టు కాబట్టి దానికి '084' అనే పేరు పెట్టారు. మోడికాన్ అనే కంపెనీ అలా పుట్టింది. ఈరోజు అరచేతిలో పట్టే పీఎల్‌సీలు ఇటుకల యార్డుల్లో, రైస్ మిల్లుల్లో, మంచినీళ్ళ ప్లాంట్లలో కూడా కనిపిస్తున్నాయి.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. రిలే రకం అవుట్‌పుట్‌లో పీఎల్‌సీ తనంతట తాను కరెంటు ఇవ్వదు. ఒక స్విచ్చు మూస్తుంది, తెరుస్తుంది, అంతే. ఆ స్విచ్చుకు ఒక పక్క 'కామన్' అనే టెర్మినల్, ఇంకో పక్క అవుట్‌పుట్ టెర్మినల్. కామన్‌కు బయటినుంచి కరెంటు మనం తెచ్చి పెట్టాలి. అవుట్‌పుట్ నుంచి వాల్వు కాయిల్‌కు వైరు పోవాలి. కాయిల్ రెండో కొస తిరిగి సప్లైకి చేరాలి. ఈ చుట్టు ఎక్కడ తెగినా పని జరగదు.

నేను బుర్ర గీక్కోవడం చూసి అన్న ఊరి భాషలోకి దిగాడు. "చెరువు తూము తెలుసు గదా? పెద్దాయన చీటీ రాసి పంపిస్తాడు, ఫలానా మడికి నీళ్ళు వదలమని. నీరుగంటి చీటీ తీసుకుంటాడు. ఈ ఎర్రదీపం ఉండాదే, అది చీటీ అందిందనే దానికి గుర్తు. తూము ఎత్తినాడా? చెరువులో నీళ్ళు ఉండాయా? కాలవ తెగిందా? అవేవీ దీపానికి తెలియవు."

చాలా రకాల్లో ఆ దీపం లోపలి లాజిక్ వైపే ఉంటుంది. బయటి వైర్ల సంగతి దానికి పట్టదు. రిలే కాంటాక్టు కాలి బొగ్గయినా దీపం వెలుగుతుంది. బయట ఫ్యూజు పోయినా వెలుగుతుంది. కామన్‌కు కరెంటే రాకపోయినా వెలుగుతుంది.

కామన్ అంటే గుర్తొచ్చింది. ఒకే పెట్టెలో కామన్‌లు రెండు మూడు ఉంటాయి. ఈ యార్డు యంత్రంలో మొదటి నాలుగు అవుట్‌పుట్‌లకు ఒక కామన్. అది 24 వోల్టుల డీసీ, వాల్వుల కోసం. తరవాతి నాలుగింటికి వేరే కామన్. అది 230 వోల్టుల ఏసీ, మోటార్ల కాంటాక్టర్ల కోసం. అన్నీ ఒకటే అనుకుని కొత్తవాళ్ళు రెండు కామన్‌లకు తీగ ముక్కతో లింకు కొట్టేస్తే పండగే! నాలుగూ ఒకేసారి పనిచేయకపోతే ముందు చూడాల్సింది కామన్, దాని ఫ్యూజు. ఒక్కటే పనిచేయకపోతే ఆ ఒక్కదాని దారి. ఇక్కడ ప్రెస్సు దిగుతోంది, లేస్తోంది. అవీ అదే కామన్ మీదే ఉన్నాయి. అంటే కామన్ బాగుంది, సప్లై బాగుంది. మీటరు బయటికి తీయకముందే సగం అనుమానాలు కొట్టేయొచ్చని ఆ పూట నాకు అర్థమైంది.

మీటరు చెప్పిన సగం నిజం

పని మొదలుపెట్టే ముందు అన్న చేసింది వేరు. హైడ్రాలిక్ పంపు మోటారు బ్రేకరు దించి, దానికి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. పైనున్న ప్రెస్సు తల కిందికి జారకుండా ఇనుప దిమ్మ ఒకటి ఊతం పెట్టించాడు. 24 వోల్టుల సప్లైని మాత్రం ఉంచాడు. పంపు తిరగదు కాబట్టి వాల్వు కదిలినా యంత్రం కదలదు, కానీ కరెంటు దారి మాత్రం చూసుకోవచ్చు. కూలీల్లో ఒకాయన దగ్గరికొచ్చి తొంగిచూస్తే "మిస్త్రీ చెప్పేదాకా ఎవురూ లోపలికి రావొద్దు" అని గట్టిగానే కసిరాడు. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి.

మాన్యువల్‌లో అచ్చు లేపే బటన్ నొక్కించాడు. దీపం వెలిగింది. స్క్రూడ్రైవరు కొనను వాల్వు కాయిల్ నట్టు దగ్గర పెట్టాడు. కాయిల్‌లో కరెంటు పారుతుంటే అది అయస్కాంతంలా లాగాలి. లాగలేదు. కాయిల్ ఓమ్‌లు కొలిచి పక్క కాయిల్‌తో పోల్చాడు. రెండూ ఇరవైకి కాస్త అటూ ఇటూ. కాయిల్‌లో దోషం లేదు.

కాయిల్ మీది ప్లగ్గు పీకి మీటరు పెట్టాడు. 24 వోల్టులు. ఓనరు "చూడండి, కరెంటు వస్తా ఉండాది గదా!" అన్నారు. అన్న తల అడ్డంగా ఊపాడు. మీటరు తీసేసి, అదే ప్లగ్గుకు లారీ బల్బు తగిలించాడు. బల్బు వెలగలేదు. బల్బు తగిలించి ఉండగానే మళ్ళీ మీటరు పెట్టాడు. 24 కాస్తా 4 అయిపోయింది.

ఇదేం మాయ? మాయేం లేదు. మీటరు దాదాపు కరెంటే తాగదు. దారిలో ఒక్క పోగు తీగ మిగిలినా, తుప్పు పొర గుండా అయినా సరే, 24 చూపిస్తుంది. బల్బు గానీ కాయిల్ గానీ నిజంగా కరెంటు లాగినప్పుడే ఆ దారి సత్తా బయటపడుతుంది. "ఇంటికి వచ్చి పలకరించేవాళ్ళు వేరు, కష్టానికి చేబదులు ఇచ్చేవాళ్ళు వేరు. మీటరు పలకరింపు చూస్తుంది, బల్బు అప్పు అడుగుతుంది" అన్నాడు. ఈ మాట నా నోట్‌బుక్కులో రెండుసార్లు రాసుకున్నాను.

ఇక్కడ సర్వీసు మనిషి అనుమానం తప్పేం కాదని కూడా చెప్పాలి. రిలే కాంటాక్టు కాలినా ఇదే లక్షణం కనబడుతుంది. ఊరికే ఉంటే 24, లోడు పడగానే డీలా. తేడా కనిపెట్టే పరీక్ష ఆయన ఫోనులో చేయించలేదు, అంతే. అన్న చేశాడు. బల్బును అలాగే ఉంచి, పీఎల్‌సీ దగ్గరికొచ్చి, మీటరు రెండు పుల్లలు కామన్ మీద ఒకటి, ఆ అవుట్‌పుట్ మీద ఒకటి పెట్టాడు. మూసుకున్న స్విచ్చు అడ్డంగా వోల్టేజీ ఉండకూడదు. అక్కడ వోల్టులు కనిపిస్తే కాంటాక్టు కాలినట్టు. మీటరు దాదాపు సున్నా చూపింది. అంటే రిలే మంచిదే. పీఎల్‌సీ నిర్దోషి. ఓనరు ఊపిరి పీల్చుకున్న శబ్దం నాకు వినిపించింది.

మరి 24లో 4 బల్బుకు పోతే మిగతా 20 ఎక్కడ పోయినట్టు? ఎక్కడో ఒక చోట పడి ఉండాలి గదా. అవుట్‌పుట్ టెర్మినల్ నుంచి ప్లగ్గు దాకా పోయే తీగ మీద కొలిచాడు. అర వోల్టు కూడా లేదు. తిరుగు దారి మీద, ప్లగ్గు మైనస్ నుంచి సప్లై మైనస్ దాకా పొడుగాటి వైరుతో కొలిచాడు. మీటరు మీద ఇరవైకి దగ్గర. దొంగ దొరికాడు!

యంత్రం బల్ల కింద, పాతిక అడుగుల అవతల జంక్షన్ బాక్సు. మూత రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఇటుకలు తడిపే నీళ్ళు, గాలిలో బూడిద రెండూ కలిసి లోపల సన్నటి పూత. ఆ వాల్వు మైనస్ తీగ స్క్రూ కింద పోగులన్నీ తెగి, ఒకటో రెండో పచ్చగా చిలుము పట్టి మిగిలాయి. ఆ టెర్మినల్ ప్లాస్టిక్ కూడా వేడికి గోధుమరంగుకు తిరిగింది. యంత్రం ఇటుకలు కుదించడానికి రోజంతా అదురుతూనే ఉంటుంది. పోగుల తీగ కొసకు రాగి గొట్టం తొడిగి నొక్కకుండా నేరుగా స్క్రూ బిగిస్తే, ఆ అదురుకు ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. కొస కత్తిరించి, గొట్టం తొడిగి, కొత్త టెర్మినల్‌లో బిగించడానికి పట్టిన సమయం పది నిమిషాలు. బటన్ నొక్కగానే లారీ బల్బు భగ్గున వెలిగింది. దాన్ని తీసి కాయిల్ ప్లగ్గు పెట్టి నొక్కితే 'టక్'మని చప్పుడు. చెట్టు కింద కూర్చున్నవాళ్ళు ఆ చప్పుడుకే లేచారు.

వేలి కథ

అన్న ఎడమచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పుకొచ్చాడు. ఏ ఊరి ఫ్యాక్టరీ అన్నది మాత్రం రాయొద్దన్నాడు.

అక్కడ కన్వేయర్ బెల్టుకు ఒక పెద్ద కాంటాక్టరు. దాని కాయిల్‌ను మధ్యలో ఇంకో రిలే పెట్టకుండా నేరుగా పీఎల్‌సీ అవుట్‌పుట్‌కే కట్టేశారు. పీఎల్‌సీ లోపలి చిన్న రిలే సాధారణంగా రెండు ఆంపియర్లు మోస్తుందని రాసుంటుంది. అది హీటరు లాంటి లోడుకు. కాయిల్ లాంటి లోడు ఇంకా కష్టం. పెద్ద కాంటాక్టరు లాగే క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ తాగుతుంది, వదిలే క్షణంలో నిప్పురవ్వ వస్తుంది. రోజుకు వందలసార్లు అలా జరిగితే ఒకనాటికి ఆ కాంటాక్టు రెండు ముక్కలూ కరిగి అతుక్కుపోతాయి. పీఎల్‌సీ వదిలేయమన్నా అవి వదలవు. దీపం మాత్రం ఆరిపోతుంది.

ఆరోజు బెల్టులో రాయి ఇరుక్కుంది. మోటారు బరువెక్కి ఓవర్‌లోడు ట్రిప్పయింది. బెల్టు ఆగింది. ఆయన స్టాప్ నొక్కి ప్యానెల్ చూశాడు. దీపం లేదు. ఆఫ్ అయినట్టే గదా అనుకుని రాయి తీయడానికి చెయ్యి పెట్టాడు. ప్యానెల్ దగ్గరున్న హెల్పరు కుర్రాడు, ట్రిప్పయింది చూసి, మంచి చేస్తున్నానని ఓవర్‌లోడు రీసెట్ బటన్ నొక్కాడు. అతుక్కున్న కాంటాక్టు గుండా కాయిల్‌కు కరెంటు అందింది. బెల్టు కదిలింది.

"వాడి తప్పు కాదు నైనా. మెయిన్ దించకుండా చెయ్యి పెట్టింది నేను. దీపాన్ని నమ్మింది నేను" అన్నాడు. ఆ కుర్రాడు ఆ పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడట.

వెలిగిన దీపం అబద్ధం చెప్తే ఇటుకలు ఆగుతాయి. ఆరిన దీపం అబద్ధం చెప్తే వేళ్ళు పోతాయి. ఇది ఆయన అన్న మాట కాదు, వింటూ నేను అనుకున్నది.

ఇందులో ఇంకో సంగతి. ఆ ఫ్యాక్టరీలో ఎర్రటి ఎమర్జెన్సీ స్విచ్చు కూడా ఉంది. కానీ దాని వైరు పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు మాత్రమే పోయింది. నొక్కితే పీఎల్‌సీ "సరే, ఆపుతున్నా" అని తన అవుట్‌పుట్ వదులుతుంది. అతుక్కుపోయిన కాంటాక్టుకు ఆ మాట ఎక్కదు. ఎమర్జెన్సీ స్విచ్చు నొక్కితే అవుట్‌పుట్‌లకు వెళ్ళే కరెంటే బయట తెగిపోవాలి. పీఎల్‌సీకి కబురు వేరే వైరులో పోవచ్చు, తప్పులేదు. కబురు ఒక్కటే పోతే చాలదు. మన పల్లె యూనిట్లలో, ముఖ్యంగా పాత మిషను కొని మార్పులు చేసుకున్నచోట, ఈ వైరు ఎలా పోయిందో ఓనర్లలో ఎంతమంది చూసుకున్నారు?

ఈ యార్డులో అన్న చూశాడు. ఇక్కడా కబురు వైరే.

ప్లస్సు పంపేది.. మైనస్సు పంపేది

రిలే రకం కాక ట్రాన్సిస్టరు రకం అవుట్‌పుట్‌లు ఇంకో తలనొప్పి. వీటిలో రెండు జాతులు. ఒకటి లోడుకు ప్లస్సు పంపిస్తుంది, సోర్స్ అంటారు. ఇంకోటి లోడునుంచి వచ్చే కరెంటును మైనస్సుకు దించుకుంటుంది, సింక్ అంటారు. బోరు మోటారుకు గేటువాల్వు పైపు మొదట్లో పెట్టారా, చివర్లో పెట్టారా అన్నట్టు. రెండిటిలోనూ నీళ్ళు ఆగుతాయి, పారుతాయి. కానీ మొదట్లో వాల్వు ఉందనుకుని చివర్లో పైపు విప్పితే తడిసేది మనమే. యూరప్ కంపెనీల పెట్టెల్లో ఎక్కువగా సోర్స్, జపాన్, తైవాన్ కంపెనీల వాటిలో సింక్ ఎక్కువగా కనిపిస్తాయి. సెకండ్ హ్యాండులో చవగ్గా వచ్చిందని ఒక జాతి తీసి ఇంకో జాతి పెడితే ప్రోగ్రాం సరిగ్గా ఎక్కినా, దీపాలన్నీ దీపావళిలా వెలిగినా, ఒక్క వాల్వూ కదలదు. అన్న ఒకసారి రాత్రంతా దీంతో కుస్తీ పట్టాడట. పొద్దున్నే పెట్టె పక్కన అంటించిన బొమ్మ చూస్తే విషయం అక్కడే ఉంది.

ట్రయాక్ రకం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. అది ఏసీకి వాడతారు, ఆఫ్‌లో ఉన్నా కాస్త కరెంటు కారుతుంది. అందుకే చిన్న నియాన్ దీపం పెడితే ఆఫ్‌లోనూ మినుకుమినుకుమంటుంది. పీఎల్‌సీ పాడైందనుకుని కంగారు పడకుండా, దీపానికి పక్కగా సరైన రెసిస్టరు కడితే సరి.

డయోడు విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. డీసీ కాయిల్‌ను ఆపిన క్షణంలో దానిలో దాగిన శక్తి వెనక్కి తంతుంది. 24 వోల్టుల కాయిల్ నుంచి వందల వోల్టుల తాపు రావచ్చు. ఆ తాపుకే కాంటాక్టులు కాలేది, ట్రాన్సిస్టర్లు చచ్చేది. కాయిల్ రెండు కొసల మధ్య ఒక డయోడు కడితే ఆ తాపు అక్కడే చుట్టు తిరిగి చల్లారిపోతుంది. 1ఎన్4007 అని అడిగితే రేడియో రిపేరు షాపులోనూ ఇస్తారు, టీ ఖరీదు కూడా ఉండదు. గీత ఉన్న కొస ప్లస్సు వైపు ఉండాలి. తిప్పి కడితే నేరుగా షార్టు, ఫ్యూజు పోతుంది. ఏసీ కాయిల్‌కు మాత్రం డయోడు కట్టనే కూడదు. దానికి రెసిస్టరు, కెపాసిటరు కలిసిన స్నబ్బరు వేరే దొరుకుతుంది. ఈ యార్డు యంత్రానికి నాలుగు వాల్వులు ఉంటే రెండిటికే డయోడ్లు ఉన్నాయి. కాయిల్ మార్చిన ప్రతిసారీ పాత ప్లగ్గుతో పాటు డయోడునూ పారేసి ఉంటారని అన్న అంచనా. తన సంచీలోంచి రెండు తీసి కట్టాడు.

తమిళ లిపిలో తెలుగు నోట్సు

అన్న దగ్గర ఒక పాత డైరీ ఉంది. ప్రతి రిపేరూ దానిలో ఎక్కుతుంది. ఇమ్మని తిరగేస్తే మొదట తమిళం అనుకున్నాను. చదివితే తెలుగు! 'దీపం ఉంది, వాల్వు లేదు, మైనస్సు తెగింది' అని తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మన వైపు ఇలాంటివాళ్ళు ఎంతమందో! 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. నోట్లో తెలుగు ఉంది, చేతిలో లిపి పోయింది.

పనిలో ఇది చిన్న సంగతి కాదు. మిషను పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. ఫోనులో సర్వీసు మనిషి తమిళంలో చెప్తాడు. పక్కన పట్టుకునేవాడు ఒడియా, హిందీ. హెల్పరు తెలుగు. 'ఆఫ్ చెయ్' అన్నది ఎవరికి ఎలా అర్థమవుతుందో! అందుకే అన్న నోటిమాటను నమ్మడు. తాళంచెవి జేబులో ఉంటే ఏ భాషా అక్కర్లేదంటాడు.

మన కుర్రాళ్ళు ఇప్పుడు గుమ్మిడిపూండి, శ్రీపెరుంబుదూరు, అటు ఆంధ్రలో 2008లో మొదలైన శ్రీసిటీ ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సుల్లో పోతున్నారు. అక్కడ పీఎల్‌సీ ప్యానెళ్ళు అద్దంలా ఉంటాయి. ప్రతి తీగకూ నంబరు, తలుపు లోపల వైరింగ్ బొమ్మ. కార్డు పోతే కార్డు మార్చేసే పద్ధతి. అక్కడ నేర్చుకున్నది ఈ యార్డుకొస్తే ఎంత పనికొస్తుందని అడిగితే అన్న చప్పరించాడు. "ఈడ తీగకు నంబరే ఉండదు. ఉన్నా అది పోయిన మిషనుది." అట్లని వాళ్ళను తక్కువ చేయలేదు. నంబర్లు వేసే అలవాటు ఒక్కటి వాళ్ళు ఊరికి తెచ్చినా చాలునన్నాడు.

2021 నవంబరులో కుశస్థలి పొంగిన తరవాత కొన్ని నెలలు ఆయనకు చేతినిండా పని. నీళ్ళు తగిలిన ప్యానెళ్ళను ఎండబెట్టి, టెర్మినళ్ళు కడిగి ఇచ్చాడు. "చూడ్డానికి ఎండినట్టే ఉంటాది. ఆరు నెల్లకు చిలుము మొదలు" అన్నాడు. అప్పుడు మార్చక వదిలేసిన టెర్మినళ్ళ కోసం ఇప్పటికీ పిలుపులు వస్తున్నాయట.

బూడిద ఇటుకల యార్డుల్లో తడి ఒక్కటే కాదు, పొడి కూడా శత్రువే. అత్తిపట్టు, వల్లూరు థర్మల్ కేంద్రాల బూడిద మన తిరువళ్ళూరు జిల్లాలోనే పుడుతోంది. బూడిదను ఇటుకల్లో వాడాలని కేంద్రం 1999 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చాక ఈ పరిశ్రమకు ఊపొచ్చింది. మట్టి తవ్వడం తగ్గుతుందంటే మంచిదే. కానీ ఆ సన్నటి పొడి ప్యానెల్ ఫ్యాను గుండా లోపలికి పీల్చుకుని, రాత్రి మంచుకు తడిసి, పొద్దున టెర్మినళ్ళ మధ్య పేస్టులా కూర్చుంటుంది. ప్యానెల్ తలుపు రబ్బరు, కేబుళ్ళు దూరే రంధ్రాల బిగింపులు సరిగ్గా ఉంటే ఈ బాధ సగం ఉండదు. ఈ యార్డులో ఆ రంధ్రాలకు గోనెసంచీ ముక్కలు కుక్కి ఉన్నాయి.

ఆదివారం మిషను నాకు

పదీ పావుకు యంత్రం మొదలైంది. మొదటి పలక బయటికొస్తే ఇటుకలు తడిగా, నున్నగా, అంచులు చెదరకుండా ఉన్నాయి. మిక్సరులోంచి పారలతో తీసిన మాలు మాత్రం గోడ పక్కన కుప్పగా గట్టిపడింది, దానికి కూలి లేదు. ఒడిశా కూలీల్లో పెద్దాయన ఆ కుప్పకేసి చూసి ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, అడిగితే చెప్పలేదు.

అన్న మజూరీ ఎంత అడిగాడో రాయొద్దన్నాడు. పీఎల్‌సీ ఖరీదులో అది ఏ మూలకూ రాదు. అయినా ఓనరు వంద తగ్గించమన్నారు! అన్న తగ్గించాడు. "వంద వద్దులే అన్నా, దాని బదులు ఆదివారం మిషను నాకు ఇవ్వు" అని ఎమర్జెన్సీ స్విచ్చు చూపించాడు. అవుట్‌పుట్‌ల సప్లైకి ముందు ఒక కాంటాక్టరు పెట్టి, ఆ స్విచ్చును దాని కాయిల్‌కు వరుసలో కట్టాలి. మోటార్ల పెద్ద కాంటాక్టర్లకు, పీఎల్‌సీకి మధ్య చిన్న రిలేలు పెట్టాలి. ఓనరు ఆర్డర్లు ఉన్నాయి, వచ్చే నెల చూద్దామన్నారు. అన్న ఏమీ అనకుండా ఎడమచెయ్యి టేబులు మీద పెట్టాడు. ఓనరు కాసేపు దాన్నే చూసి, సరే, ఈ ఆదివారమే రమ్మన్నారు.

సోమవారం ఫోను చేశాను. సగం పని అయిందట. రిలేలు పెట్టేశాడు, వైర్లకు నంబర్లు వేశాడు. కావాల్సిన కాంటాక్టరు తిరుత్తణిలో దొరకలేదు, చెన్నై నుంచి రావాలి. "అంతవరకు?" అన్నాను.

"అంతవరకు అచ్చు దగ్గర చెయ్యి పెట్టాలంటే మెయిన్ బ్రేకరుకు తాళం. చెవి ఆ ఒడిశా పెద్దాయన దగ్గర ఇచ్చినా" అన్నాడు. వెనక పొదటూరుపేట బస్సు హారను వినిపించింది. అక్కడ ఏదో రైస్ మిల్లులో దీపం వెలగడం లేదట. ఈసారి దీపమే వెలగడం లేదు కాబట్టి పని తేలిక అని ఫోను పెట్టేశాడు.